పాఠం బాగుపడటానికి డబ్బు ఎక్కడ పెట్టాలి?

విశ్వవిద్యాలయాల్లో బోధన తీరు గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఉత్తరాలను క్లుప్తీకరించాము. రాసినవారి కోరిక మేరకు సంస్థల పేర్లు తొలగించాము.

ప్రశ్న: మా అమ్మాయి రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదువుతోంది. ఆ విశ్వవిద్యాలయానికి కేంద్రం నుంచి కోట్ల రూపాయలు వస్తున్నాయని పత్రికల్లో చదివి సంతోషించాము. కొత్త భవనానికి పునాది పడింది కానీ, తన తరగతిలో పాఠం చెప్పే తీరులో గానీ, ప్రయోగశాలలో గానీ ఏ మార్పూ లేదని అమ్మాయి అంటోంది. బోధన మెరుగుపడటానికంటూ విశ్వవిద్యాలయాలకు విడిగా డబ్బు ఉండదా?
— విశ్రాంత ఉద్యోగి, నరసరావుపేట

జవాబు: రాష్ట్ర విశ్వవిద్యాలయానికి డబ్బు ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది. మొదటిది రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే బ్లాక్ గ్రాంటు. అందులో సింహభాగం జీతాలకూ పింఛన్లకూ పోతుంది. తక్కిన అవసరాలను పరీక్ష ఫీజులు, అనుబంధ కళాశాలలు కట్టే రుసుములు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల ఆదాయంతో ఎలాగో నెట్టుకురావాలి. రెండవది పథకాల డబ్బు. మీరు చదివిన వార్త బహుశా రాష్ట్రాల ఉన్నత విద్యకు కేంద్రం సాయం చేసే పీఎం-ఉషా పథకానికి సంబంధించినది. 2013లో రూసా పేరుతో మొదలైన పథకాన్నే 2023లో ఈ కొత్త పేరుతో కొనసాగించారు. 2023-24 నుంచి 2025-26 వరకు మూడేళ్లకు 12,926.10 కోట్ల రూపాయలు కేటాయించి, తెలుగు రాష్ట్రాల వంటి చోట్ల 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించాలని నిర్ణయించారు. మెరు అనే విభాగం కింద 35 విశ్వవిద్యాలయాలకు ఒక్కొక్కదానికి 100 కోట్ల రూపాయలు ఇవ్వాలన్నది అందులో అన్నిటికన్నా పెద్ద అంశం.

పథకాల కింద వచ్చే డబ్బుకు గడువు ఉంటుంది. గడువులోగా ఖర్చు చేసి వినియోగ ధ్రువపత్రం పంపకపోతే తరువాతి విడత ఆగిపోతుంది, నిధులు మురిగిపోతాయి. టెండరు పిలిచి భవనం కట్టించవచ్చు, పరికరాలు కొనవచ్చు, వాటిని ఫొటో తీసి నివేదికకు జతచేయవచ్చు, తనిఖీకి వచ్చిన బృందానికి చూపించవచ్చు. ఒక విభాగంలోని అధ్యాపకులంతా కూర్చుని తమ కోర్సును తిరగరాసుకుని, కొత్త పద్ధతిలో చెప్పడం అలవాటు చేసుకుని, విద్యార్థులకు నిజంగా అర్థమవుతోందో లేదో పరీక్షించి చూసుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, పైగా ఆ పనిలో ఫొటో తీయదగినది ఏమీ ఉండదు. శిక్షణ వంటి అంశాలకు ఈ పథకాల్లో చోటు లేకపోలేదు. చోటు ఉన్నా, గడువు తరుముతున్నప్పుడు అధికారుల చేయి ముందుగా సిమెంటు వైపే వెళ్తుంది. ఇది వ్యక్తుల తప్పు అని నేను అనుకోను, లెక్క అడిగే పద్ధతిలోనే ఈ మొగ్గు ఉంది.

మనుషుల మీద ఖర్చు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. సాంకేతిక విద్య నాణ్యతను పెంచేందుకు ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన టెక్విప్ ప్రాజెక్టు మూడో దశలో, వెనుకబడిన రాష్ట్రాల ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలకు ఐఐటీలు, ఎన్‌ఐటీల వంటి సంస్థల్లో చదువుకున్న వెయ్యి మందికి పైగా యువకులను ఒప్పంద పద్ధతిలో అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా పంపారు. ఖాళీ తరగతి గదుల్లోకి అధ్యాపకులు వచ్చారు. 2021 సెప్టెంబరులో ప్రాజెక్టు ముగిసింది, దానితోపాటే ఆ ఒప్పందాలూ ముగిశాయి. వారు చెబుతూ వచ్చిన పాఠాలు ఇకపై ఎవరు చెప్పాలన్న ప్రశ్న రాష్ట్రాల మీద పడింది. ఇప్పుడు 275 సాంకేతిక విద్యాసంస్థల కోసం 4,200 కోట్ల రూపాయలతో మెరైట్ అనే పథకానికి 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, అందులో సగం ప్రపంచ బ్యాంకు రుణం. దాని కింద అధ్యాపకులను తీసుకుంటే, పథకం ముగిసిన మరునాడు వారి జీతాలు ఎవరు ఇస్తారన్నది మొదటి రోజే తేల్చుకోని పక్షంలో పాత కథే మళ్లీ జరుగుతుంది.

మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. మంజూరైన మొత్తంలో నిర్మాణాలకు ఎంత, పరికరాలకు ఎంత, అధ్యాపకుల శిక్షణకూ విద్యార్థుల సేవలకూ ఎంత అన్న విభజన ప్రాజెక్టు నివేదికలో ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద విశ్వవిద్యాలయ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టి ఆ పట్టిక అడగండి. తల్లిదండ్రులు ఈ ప్రశ్న అడగడం మొదలుపెడితే ఆ మూడో అంకె నెమ్మదిగానైనా పెరుగుతుందని నా నమ్మకం.

ప్రశ్న: నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో గణితం బోధించే అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థుల కోసం ప్రతి అధ్యాయానికీ విడిగా లెక్కల పత్రాలు తయారుచేసి, సాయంత్రాలు వారితో కూర్చుని చేయిస్తాను. అదే సమయాన్ని పరిశోధన పత్రాలకు వెచ్చించినవారు పదోన్నతుల్లో ముందుకు వెళ్తున్నారు. బాగా పాఠం చెప్పేవారికి గుర్తింపు, ప్రోత్సాహం ఇచ్చే ఏర్పాటు మన దగ్గర ఉందా? ఇతర దేశాల్లో ఎలా ఉంది?
— ఊరు, పేరు వద్దన్న అధ్యాపకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో బాధ ఉంది, దానికి కారణమూ ఉంది. మన దేశంలో ఈ ఆలోచన లేకపోలేదు. 1986 జాతీయ విద్యావిధానం తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) దేశమంతటా అకడమిక్ స్టాఫ్ కాలేజీలు నెలకొల్పింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లోనూ అవి వెలిశాయి. కొత్తగా చేరినవారికి నాలుగు వారాల ఓరియంటేషన్, తరువాత మూడు వారాల రిఫ్రెషర్ కోర్సు అన్నది అప్పటి పద్ధతి. 2015లో వాటి పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు అయింది, 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలుగా మారింది. ఈ కోర్సుల వల్ల మేలు పొందినవారు ఎందరో ఉన్నారు. అయితే పదోన్నతికి ధ్రువపత్రం తప్పనిసరి కావడంతో, చాలామందికి అది పూర్తిచేసి చేతులు దులుపుకునే తంతుగా మారింది. శిక్షణ నుంచి తిరిగి వచ్చిన అధ్యాపకుడు తన తరగతిలో ఏం మార్చాడన్నది ఆ తరువాత ఎవరూ అడగరు.

పదోన్నతి నిబంధనల సంగతి చూద్దాం. 2010 నిబంధనల్లో యూజీసీ అధ్యాపకుల పనితీరును అంకెల్లో కొలిచే ఏపీఐ మార్కుల పద్ధతి తెచ్చింది, 2018లో దానిని సవరించింది. సవరించిన నిబంధనల ప్రకారం, కేటాయించిన తరగతుల్లో 80 శాతం, అంతకు మించి తీసుకుంటే బోధన ‘మంచి’ అని, 70 నుంచి 80 శాతం మధ్య ఉంటే ‘సంతృప్తికరం’ అని, 70 కన్నా తగ్గితే ‘సంతృప్తికరం కాదు’ అని గుర్తిస్తారు. అంటే తరగతికి వెళ్లడమే కొలమానం, అక్కడ ఏం జరిగిందన్నది లెక్కలోకి రాదు. మీరు తయారుచేసిన లెక్కల పత్రాలకు ఆ పట్టికలో గడి లేదు. విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు కావాలంటే మాత్రం కనీసం 10 ప్రచురణలు, 110 పరిశోధన మార్కులు స్పష్టంగా అడుగుతారు. పరిశోధనకు కచ్చితమైన కొలత, బోధనకు హాజరు పట్టీ ఉన్నప్పుడు, తెలివైన యువ అధ్యాపకులు తమ సాయంత్రాలను దేనికి ఇస్తారో ఊహించడం కష్టం కాదు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో తొమ్మిది రకాల విశేష కృషిని పేర్కొంటూ, వినూత్న బోధననూ, భారతీయ భాషల్లో బోధననూ అందులో చేర్చారు. ఆ అంశాలు తుది నిబంధనల్లో నిలవడం, వాటిని అంచనా వేసేందుకు నిజాయతీగల పద్ధతి ఏర్పడటం చాలా అవసరం.

ర్యాంకులూ ఈ కొరతను తీర్చడం లేదు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ పేరుతో కేంద్రం ఇచ్చే విశ్వవిద్యాలయ ర్యాంకుల్లో ‘బోధన, అభ్యసనం, వనరులు’ అనే శీర్షికకు 30 శాతం బరువు ఉంది. కానీ దాని కింద ప్రధానంగా లెక్కించేవి విద్యార్థుల సంఖ్య, అధ్యాపకుల నిష్పత్తి, వారి పీహెచ్‌డీలు, అనుభవం, సంస్థ పెట్టిన ఖర్చు మాత్రమే. ఇవన్నీ మంచి బోధనకు కావలసిన సరంజామాయే కానీ, తరగతిలో పాఠం ఎలా సాగుతోందో అవి చెప్పలేవు.

ఇతర దేశాల అనుభవంలో మనకు పనికివచ్చేవి, రానివి రెండూ ఉన్నాయి. ఇంగ్లండులో 2005 నుంచి 2010 వరకు ఉన్నత విద్యకు నిధులిచ్చే సంస్థ 74 బోధన ఉత్కృష్టతా కేంద్రాలకు మొత్తం 31.5 కోట్ల పౌండ్లు ఇచ్చింది. ఒక్కో కేంద్రానికి ఏటా 2 నుంచి 5 లక్షల పౌండ్ల నిర్వహణ ఖర్చు, అది గాక భవనాలకూ పరికరాలకూ 20 లక్షల పౌండ్ల వరకు పెట్టుబడి. అప్పటికే పేరున్న విభాగాలకు ఇచ్చి, వాటి వెలుగు ఇతరులకు వ్యాపించాలని ఆశించారు. ఐదేళ్ల తరువాత చేసిన మూల్యాంకనంలో తేలిందేమిటంటే, ఆ కేంద్రాల్లో పనిచేసిన అధ్యాపకులకూ, వారి సంస్థలకూ మేలు జరిగింది గానీ, అది దేశమంతటికీ పెద్దగా పాకలేదు. నిధులు ఆగగానే చాలా కేంద్రాలు మూతపడ్డాయి. అదే దేశంలో 2000 సంవత్సరంలో మొదలైన జాతీయ బోధన ఫెలోషిప్‌లో ఎంపికైన వ్యక్తికి మొదట్లో 50,000 పౌండ్లు ఇచ్చేవారు, తరువాత 10,000కు తగ్గించారు. ఒకరిద్దరిని వేదికెక్కించి సత్కరించడం మంచిదే అయినా, వారి పక్క గదిలో పాఠం చెప్పేవారి పద్ధతి దానివల్ల మారదు.

నాకు నమ్మకం కలిగించిన ఉదాహరణ కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జరిగింది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2007లో అక్కడ సైన్సు బోధనను మార్చే కార్యక్రమానికి పూనుకున్నారు. ఆయన డబ్బును వ్యక్తులకు గాక విభాగాలకు ఇచ్చారు, అదీ పోటీ ప్రతిపాదనలు చూసి. ఆ డబ్బులో అత్యధిక భాగం యంత్రాలకు గాక మనుషులకే ఖర్చయింది. ఆ శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, బోధన పరిశోధనలోనూ తర్ఫీదు పొందిన యువకులను ప్రతి విభాగంలోనూ కూర్చోబెట్టారు. వారు అధ్యాపకుల పక్కన కూర్చుని మూడు ప్రశ్నలకు జవాబు వెదికేవారు: ఈ కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి ఏం చేయగలగాలి, ఇప్పుడు నిజానికి ఏం చేయగలుగుతున్నాడు, ఈ తేడాను పూడ్చే పద్ధతి ఏది? పాతికేళ్లుగా ఒకే నోట్సు చదివిస్తున్న ప్రొఫెసరుకు సైతం, పక్కన పని పంచుకునే మనిషి ఉన్నప్పుడు మారడానికి ధైర్యం వస్తుంది. అధ్యాపకునికి సమయం కొనిపెట్టడమే బోధన మీద పెట్టగల అత్యుత్తమ పెట్టుబడి అని నేను ఇంత గట్టిగా అనడానికి ఈ ఉదాహరణే ఆధారం.

ఇందుకు యూజీసీ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఒక కోర్సును తిరగరాసే అధ్యాపకురాలికి ఆ సెమిస్టరులో ఒక పేపరు భారం తగ్గించడం, ఆ కోర్సుకు ఇద్దరు పరిశోధక విద్యార్థులను సహాయకులుగా ఇవ్వడం, ఫలితాన్ని విభాగం సమావేశంలో చర్చించి రికార్డు చేయడం వంటివి పాలకమండలి తన పరిధిలో చేయగలిగినవే. అయితే శాశ్వత నియామకాలు లేక సగం పాఠాలు ఒప్పంద, అతిథి అధ్యాపకుల మీద నడిచే విభాగంలో భారం తగ్గించండి అనడం ఆచరణలో ఎంత కష్టమో నాకు తెలుసు. పీరియడు లెక్కన డబ్బు తీసుకుంటూ వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియని అతిథి అధ్యాపకులను కోర్సును మెరుగుపరచమని అడగడం న్యాయం కాదు. ఖాళీల భర్తీని బోధన నాణ్యత నుంచి వేరు చేసి మాట్లాడే ఏ ప్రణాళికనూ నేను గంభీరంగా తీసుకోలేను.

మీ లెక్కల పత్రాలను మాత్రం పారేయకండి. ఏ అధ్యాయంలో విద్యార్థులు ఎక్కడ తడబడ్డారు, పత్రాన్ని ఎలా మార్చారు, తరువాత ఏం తేడా కనబడింది అన్నది తేదీలతో రాసిపెట్టండి. విభాగాధిపతి సంతకంతో దానిని విశ్వవిద్యాలయ అంతర్గత నాణ్యతా విభాగానికి, అంటే ఐక్యూఏసీకి, పంపండి. కొత్త నిబంధనలు వచ్చిన రోజున వినూత్న బోధనకు ఆధారం చూపమంటే, చేతిలో కాగితం ఉన్నవారిదే మాట చెల్లుతుంది.

ప్రశ్న: సెమిస్టర్ చివర మాతో ఒక ఫారం నింపిస్తారు. అధ్యాపకులకు ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయమంటారు. దానిని ఎవరైనా చదువుతారా? విద్యార్థుల అభిప్రాయానికి నిజంగా విలువ ఉందా?
— పీజీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: కాగితం మీద విలువ ఉంది. విద్యాసంస్థలను మదింపు చేసి గుర్తింపు ఇచ్చే న్యాక్ 2017లో సవరించిన విధానంలో విద్యార్థుల సంతృప్తి సర్వేను చేర్చింది. విశ్వవిద్యాలయాలకు మొత్తం 1,000 మార్కుల్లో బోధన, అభ్యసనం, మూల్యాంకనానికి 200 ఉంటే, అందులో 50 ఈ సర్వేకు ఇచ్చారు. ఆ విధానంలో సంస్థ పంపిన విద్యార్థుల ఈమెయిల్ చిరునామాలకు న్యాకే నేరుగా ప్రశ్నావళి పంపుతుంది. మీరు చెబుతున్న ఫారం కళాశాల తన రికార్డుల కోసం నింపించుకునేది. దానిని మొక్కుబడిగా కట్టకట్టి బీరువాలో పెట్టే చోట్లు చాలానే ఉన్నాయి.

సెమిస్టర్ చివర నింపే ఫారంలో అసలు లోపం ఏమిటంటే, దాని ఫలితం మీకు అందదు. మీరు తరువాతి సెమిస్టరుకు వెళ్లిపోతారు. అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో 1962లో స్థాపించిన బోధన పరిశోధన కేంద్రం, ఆ దేశంలో ఈ తరహా కేంద్రాల్లో మొదటిది, సెమిస్టర్ మధ్యలోనే ఈ పని చేస్తుంది. అధ్యాపకుడు కోరితేనే కేంద్రం నుంచి ఒకరు తరగతికి వచ్చి కాసేపు పాఠం గమనిస్తారు. తరువాత అధ్యాపకుడు బయటికి వెళ్తారు. విద్యార్థులు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని, మీరు నేర్చుకోవడానికి ఏవి తోడ్పడుతున్నాయి, ఏవి ఎలా మారితే బాగుంటుంది అన్నవి చర్చించి రాస్తారు. వచ్చినవారు ఆ మాటలను క్రోడీకరించి అధ్యాపకునికి మాత్రమే చెబుతారు, పై అధికారులకు చెప్పరు. తరువాతి తరగతిలో అధ్యాపకుడు ఏది మార్చగలరో, ఏది మార్చలేరో, ఎందుకో విద్యార్థులతో మాట్లాడతారు. ఇందులో మార్కులు లేవు, శిక్ష లేదు, అందుకే రెండు వైపులా నిజం మాట్లాడతారు. మార్కులు వేసే ఫారాల్లో అధ్యాపకుడు స్త్రీయా పురుషుడా అన్నదానిని బట్టి, మార్కులు ధారాళంగా వేస్తారా లేదా అన్నదానిని బట్టి అభిప్రాయాలు వంకరపోతాయని అనేక పరిశోధనలు చెబుతున్నాయి. ఆ అంకెలతో ఎవరి ఉద్యోగాన్నీ తేల్చకూడదు.

ఐక్యూఏసీలో విద్యార్థుల ప్రతినిధి ఉండాలని న్యాక్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మీ విశ్వవిద్యాలయంలో ఆ ప్రతినిధి ఎవరో కనుక్కోండి. ఎవరూ లేకపోతే మీ తరగతి తరఫున లిఖితపూర్వకంగా అడగండి. సెమిస్టర్ ఏడో వారంలో ఒక్క పీరియడులో ఇరవై నిమిషాలు, తెల్లకాగితం మీద పేరు లేకుండా పైన చెప్పిన రెండు ప్రశ్నలకు జవాబులు అన్న ప్రతిపాదనను మీకు ఇష్టమైన ఒక అధ్యాపకునితో మొదలుపెట్టించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా దొరుకుతున్నప్పుడు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ బోధనకు ఇంత ఖర్చు అవసరమా?
— పాఠకుడు, కర్నూలు

జవాబు: అవసరమే. ఐఐటీల పాఠాలు అందించే ఎన్‌పీటెల్ 2003లో, కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం 2017లో మొదలయ్యాయి. స్వయం కోర్సుల ద్వారా ఒక సెమిస్టరులో 40 శాతం వరకు క్రెడిట్లు పొందవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. మంచి పుస్తకం అందరికీ దొరకడం ఎంత మేలో ఇదీ అంత మేలు. కానీ వీడియో చూస్తున్న విద్యార్థికి మూడో మెట్టు దగ్గర అర్థం కాలేదని వీడియోకు తెలియదు. ఆ పాఠాన్ని ఇంట్లో చూసి రమ్మని, తరగతి సమయాన్ని లెక్కలు చేయించడానికి, సందేహాలు తీర్చడానికి వాడుకునే అధ్యాపకుడు ఉన్నప్పుడే అది పూర్తిగా ఉపయోగపడుతుంది.

ప్రశ్న: మేము అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థులం. చదువుకున్న విశ్వవిద్యాలయానికి అందరం కలిసి 50 లక్షల రూపాయలు ఇవ్వాలనుకుంటున్నాము. స్వాగత తోరణమో, సెమినార్ హాలో కట్టించమని సలహా వచ్చింది. ఇంతకన్నా మంచి ఉపయోగం ఉందా?
— పూర్వ విద్యార్థుల బృందం తరఫున, డాలస్

జవాబు: ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో దాతల పేరిట బంగారు పతకాల నిధులు చాలా ఉన్నాయి, బోధన మెరుగుదలకు నిధులు అరుదు. మీ 50 లక్షలను శాశ్వత నిధిగా డిపాజిట్ చేయించండి. ఏడు శాతం వడ్డీ వచ్చినా ఏటా మూడున్నర లక్షలు. దానితో ఒక్కొక్కటి 50,000 రూపాయల చొప్పున ఏడు చిన్న గ్రాంట్లు ఇవ్వవచ్చు. పైన ఉత్తరం రాసిన గణితం అధ్యాపకురాలి వంటివారికి అంత మొత్తం ఎలా ఉపయోగపడుతుందో చూడండి: ఇద్దరు సీనియర్ విద్యార్థులకు ఐదు నెలలపాటు నెలకు 4,000 చొప్పున ఇచ్చి సాయంత్రపు తరగతులకు సహాయకులుగా పెట్టుకుంటే 40,000 అవుతుంది, మిగిలిన 10,000 లెక్కల పత్రాల ముద్రణకు సరిపోతుంది. సహాయకులుగా చేసిన విద్యార్థులకు చేతిఖర్చుకు డబ్బు, పాఠం చెప్పే అనుభవం రెండూ దక్కుతాయి.

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో 1991 నుంచి ఇటువంటి నిధి నడుస్తోంది. దానికి ఆధారం విద్యార్థులు కట్టే ఫీజు, కాబట్టి దరఖాస్తుల పరిశీలనలో విద్యార్థులకూ స్థానం ఉంది. మీ నిధి నియమావళిలోనూ ఎంపిక సంఘంలో ఇద్దరు విద్యార్థులు ఉండాలని, ఒప్పంద అధ్యాపకులూ దరఖాస్తు చేసుకోవచ్చని, ఫలితం ఏదైనా రెండు పేజీల నివేదికను విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో పెట్టాలని రాయించండి. విఫలమైన ప్రయోగాన్ని నిజాయతీగా రాసినవారికి తరువాతి ఏడాది మళ్లీ అవకాశం ఇవ్వాలని కూడా చేర్చండి. అప్పుడే కొత్తది ప్రయత్నించడానికి జంకు పోతుంది.

డబ్బు పంపే ముందు ఒక జాగ్రత్త. మీలో భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది మాత్రం విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం పరిధిలోకి వస్తుంది. చట్టం ద్వారా ఏర్పడి, తప్పనిసరిగా కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) ఆడిట్ జరిగే సంస్థలకు కేంద్రం మినహాయింపు ఇచ్చింది కానీ, మీ విశ్వవిద్యాలయం ఆ కోవలోకి వస్తుందో, విడిగా ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉందో ఫైనాన్స్ ఆఫీసర్‌ను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. రెండు రకాల దాతల డబ్బును ఒకే ఖాతాకు పంపకుండా, ఆ జవాబు వచ్చేవరకు వేరువేరుగా ఉంచడం మంచిది.